మామగారి కుర్చీకి మూడు-నాలుగు-మూడు

కుర్చీ సంగతి ముందు చెప్పుకోవాలి, ఈ గొడవంతా దాని కోసమే గనక. పాత టేకు కుర్చీ. టీ గ్లాసు పెట్టినా జారిపడనంత వెడల్పు చేతులు దానికి. వీపు ఆనేచోట పేము అల్లిక ఒకసారి తెగితే మామగారే కూర్చుని మళ్ళీ అల్లారు. ఆ అల్లిక కాస్త వంకరపోయింది. మామగారు ఒక ప్రెస్సులో హెడ్ కంపోజిటరు. పగలంతా నిలబడి సీసపు అక్షరాలు పేర్చి, సాయంత్రం ఇంటికొచ్చి ఆ కుర్చీలో కూలబడి, కాళ్ళు ఒక స్టూలు మీద చాపుకుని, ఆ రోజు పేపర్లో పడిన అచ్చుతప్పుల్ని ఒక్కొక్కదాన్నీ విడివిడిగా తిట్టేవారు. ఆయన పోయాక ఆ ఇంట్లో ఒక కుర్చీ, ఒక స్టూలు, ఇద్దరల్లుళ్ళు మిగిలారు.

పెద్దల్లుడు మామగారి దగ్గరే పని నేర్చుకుని అదే ప్రెస్సులో ఆయన స్థానంలోకి వచ్చాడు. వీధిలో అతన్ని అందరూ కంపోజిటర్ గారనే పిలుస్తారు. చిన్నల్లుడిది ప్రెస్సుకు ఎదురుగా ఉన్న బేకరీ. మనిషి గుండ్రం, నవ్వు ఇంకా గుండ్రం. ఏడాదికోసారి ప్రెస్సుకూ బేకరీకీ ఫుట్‌బాల్ ఆట జరుగుతుంది. దాన్ని మొదలుపెట్టింది మామగారే. ఇప్పుడు అటు జట్టుకు చిన్నల్లుడు కోచ్, ఇటు జట్టుకు పెద్దల్లుడు కోచ్. మామగారు పోయిన ఏడాది, కుర్చీలో ఎవరు కూర్చోవాలని తోడల్లుళ్ళిద్దరూ మర్యాదగా పోట్లాడుకుంటుంటే అత్తగారు విసుగెత్తి ఒక తీర్పు చెప్పింది. ఆటలో గెలిచిన అల్లుడికి ఏడాది పొడుగునా ఆదివారం భోజనాల వేళ కుర్చీ. ఓడిన అల్లుడికి స్టూలు.

అప్పటినుంచి ఆరేళ్ళుగా కంపోజిటర్ స్టూలు మీదే ఉన్నాడు. స్టూలుకు వీపుండదు. స్టూలు మీద కూర్చున్న మనిషి ఏ మాట చెప్పినా అర్జీ పెట్టుకుంటున్నట్టే ఉంటుంది. ఎదురుగా చిన్నల్లుడు కుర్చీలో వెనక్కి వాలి, "అన్నయ్యా, స్టూలు బావుందా, కింద దిండేమైనా వెయ్యమంటావా" అని ఎంతో ప్రేమగా అడిగేవాడు. ఆ ప్రేమకే కంపోజిటర్‌కు ఒళ్ళు మండేది. పెళ్ళిలో పెద్ద, వయసులో పెద్ద, మామగారి విద్యకు వారసుడు. కూర్చునేది మాత్రం మామగారు కాళ్ళు పెట్టుకున్న చోట.

ఈ ఏడాది అత్తగారు ఇంకో తీర్పు చెప్పింది. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. రెండో కుట్టుమిషను కొంది. దాన్ని పెట్టడానికి చోటు లేదు.

"ఈసారి గెలిచినవాళ్ళు ఆ కుర్చీని ఏకంగా మీ ఇంటికి పట్టుకుపోండి బాబూ. మళ్ళీ నా కంట పడకూడదు. దాని చుట్టూ తిరగలేక చస్తున్నాను," అంది నోట్లో సూది పెట్టుకునే.

ఇంతకాలం ఓడినా వచ్చే ఏడాది ఉందిలే అనుకునేవాడు కంపోజిటర్. ఇప్పుడు ఓడితే మామగారి కుర్చీ బేకరీ గల్లాపెట్టె వెనక్కి వెళ్ళిపోతుంది, పిండి చేతులు తుడుచుకోవడానికి.

*

ఆట రాక ఓడిపోయామని ఏ కోచూ ఒప్పుకోడు. కంపోజిటరూ ఒప్పుకోలేదు. మొదటి ఏడాది వాన అన్నాడు. రెండో ఏడాది రిఫరీ బేకరీ బన్నులు తింటాడన్నాడు. మూడో ఏడాదినుంచి మాత్రం ఒక్కమాట మీద నిలబడ్డాడు. మన వ్యూహం ముందే బయటికి పోతోంది.

అతని వ్యూహం నాలుగు-నాలుగు-రెండు. గోల్ దగ్గర ఒకణ్ణి వదిలేస్తే, వెనక నలుగురు, మధ్య నలుగురు, ముందు ఇద్దరు. అందులో అతనికి నచ్చింది ఆట కాదు, పొందిక. రెండు పక్కలా సమానంగా మార్జిన్లు వదిలి పేర్చిన పేజీలా కంటికి ఇంపుగా ఉంటుంది. వేరేగా ఆడదామని జట్టులో ఎవరైనా అంటే, వాళ్ళకు కంటి జబ్బేమోనన్నట్టు చూసేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

మరి గుట్టు బయటపెడుతున్నదెవరు? టీ తెచ్చే మనిషిని అనుమానించాడు. ప్రెస్సు కిటికీలో పడుకునే పిల్లిని కూడా కొంతకాలం అనుమానించాడు, అది మధ్యాహ్నం వేళ బేకరీలో తింటుంది గనక. చివరికి ఈ ఏడాది ఆట దగ్గరపడుతుండగా, ఒక సాయంత్రం, భార్య ఫోన్‌లో చెల్లెలితో మాట్లాడటం చెవిన పడింది.

"ఆఁ, ఆ ఆట గురించే. తిండి కూడా సరిగ్గా తినడం లేదు," అంటూ ఆవిడ నవ్వుతోంది.

చెల్లెలంటే ఎవరు? బేకరీవాడి పెళ్ళాం. అక్కచెల్లెళ్ళు మాట్లాడుకోని రోజు లేదు. కంపోజిటర్ చేతిలో టీ చల్లారిపోయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తను పట్టేశాడు.

మరొకడైతే అడిగేసేవాడు. కంపోజిటర్ అడగలేదు. అడిగితే ఆవిడ నిజం చెప్తుంది, లేదా అన్నం పెట్టడం మానేస్తుంది. రెండూ తనకు పనికొచ్చేవి కావు. దొంగ అని తెలిసినప్పుడు పట్టుకోవడం కంటే, దొంగ చేతికి కాకిబంగారం ఇచ్చి పంపడం తెలివైన పని అనిపించింది. తన తెలివికి తనే మురిసిపోయి ఆ సాయంత్రం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

"ఈసారి వెనక ఐదుగురిని పెడుతున్నాను," అన్నాడు మూడో ముద్ద కలుపుకుంటూ.

"మంచిది," అంది భార్య.

"మధ్యలో నలుగురు. ముందు ఒక్కడే."

"పాపం, ఒక్కడూ ఏం చేస్తాడండీ."

"అదే కిటుకు. ఎవరికీ చెప్పకు."

ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఎదుటి మనిషికి ఏది కనిపించడం లేదో కనిపెట్టడమే ఆవిడ ఉద్యోగం. మొగుడు అదే మాట మర్నాడు పొద్దున బట్టలు ఆరేస్తున్నప్పుడు ఇంకోసారి చెప్పాడు. సాయంత్రం పళ్ళు తోముకుంటూ, నోటినిండా నురగతో మూడోసారి చెప్పాడు. చార్టులో అక్షరాలు ముందే బట్టీపట్టి వచ్చి అప్పజెప్పే మనుషుల్ని ఎలా చూస్తుందో, ఆవిడ అతన్ని అలా చూసింది.

*

ఇక అసలు వ్యూహం మిగిలింది. శనివారం మధ్యాహ్నం మిషన్లు ఆపేశాక కంపోజిటర్ జట్టునంతా లోపలి గదిలోకి పిలిచి తలుపు గడియ వేశాడు. గది మధ్యలో పేజీలు బిగించే ఇనప బల్ల ఉంది. పదకొండుమందీ దాని చుట్టూ నిలబడ్డారు.

"ఈసారి నాలుగు-నాలుగు-రెండు లేదు," అన్నాడతను.

అందరూ ఒకేసారి మాట్లాడారు. కటింగ్ మిషన్ మనిషి, అందరం ముందుకే పోదాం, వెనక ఎవరికి కావాలి అన్నాడు. గోల్ దగ్గర నిలబడే మెషిన్‌మన్ తన ముందు ఎంతమంది ఉంటే అంత మంచిదన్నాడు, పదిమంది ఉన్నా తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. ప్రూఫ్‌రీడర్ మాత్రం చేతులు కట్టుకుని, ముందు మన దగ్గర ఏముందో చూసి తర్వాత ఏం పెట్టాలో ఆలోచించాలి కదా అన్నాడు. అతను ఎప్పుడూ సరైన మాటే అంటాడు. అందుకే ప్రెస్సులో అతనంటే ఎవరికీ పడదు.

కంపోజిటర్ తన దగ్గరున్నదేమిటో చూసుకున్నాడు. కదలకుండా నిలబడగలవాళ్ళు ముగ్గురు. వాళ్ళను కదిలించడం ఎదుటివాళ్ళ తరమూ కాదు, తన తరమూ కాదు. వాళ్ళు వెనక. ఆయాసపడకుండా పరిగెత్తేవాళ్ళు నలుగురు. వాళ్ళు మధ్యలో. గోల్ కొట్టాలన్న ఆశ ఇంకా చావనివాళ్ళు ముగ్గురు. వాళ్ళలో ఎడంకాలి బైండర్ ఉన్నాడు. వాడి కుడికాలు నిలబడటానికి మాత్రమే. ఎడంకాలితో కొడితే మాత్రం బంతికి దణ్ణం పెట్టాలి. కనక వాడు ఎడమ అంచున ముందు ఉండాలి. వాడి వెనక బైండింగ్ గదివాళ్ళే ఉండాలి, పొద్దస్తమానం కట్టలు ఒకరి చేతినుంచి ఒకరు అందుకునే మనుషులు గనక. కుడివైపంతా తన కంపోజింగ్ గదివాళ్ళు, ఆ వైపు ముందు ప్రూఫ్‌రీడర్. మూడు-నాలుగు-మూడు. ఆరేళ్ళలో మొదటిసారి కంపోజిటర్ అందం చూడకుండా మనుషుల్ని చూశాడు. వ్యూహం నిజంగా బావుంది. తప్పు అక్కడ జరగలేదు.

తప్పు ఆ తర్వాత జరిగింది. గోడలకు చెవులున్న లోకంలో వ్యూహాన్ని కాగితం మీద గీయడానికి అతనికి మనసొప్పలేదు. కాగితానికి కాళ్ళొస్తాయి. కాబట్టి ఒక ఇనప చట్రం తీసుకుని, ఒక్కొక్క మనిషికీ ఒక్కొక్క సీసపు అక్షరం చొప్పున పేర్చాడు. మెషిన్‌మన్ తన అక్షరం శీర్షికల సైజులో లేకపోతే గోల్ దగ్గర నిలబడనన్నాడు. ఇచ్చాడు. ఖాళీ చోట్లలో సీసపు దిమ్మలు నింపి, చీలలు దిగ్గొట్టి చట్రం బిగించాడు. మామగారు అనేవారు, అక్షరాలు ఎవడైనా పేరుస్తాడు, ఖాళీని పేర్చేవాడేరా కంపోజిటరు అని.

"బాగా చూసి బుర్రలో పెట్టుకోండి. ప్రశ్నలొద్దు. రేపు మైదానంలో కూడా నోరెత్తకండి, మా తమ్ముడివి పాముచెవులు," అన్నాడు.

అచ్చులో సరిగ్గా పడాలంటే చట్రంలో అంతా తిరగేసి ఉండాలని ప్రెస్సు మొహం చూసినవాళ్ళకు తెలుసు. కాగితం మీద ఎడమన పడాల్సింది చట్రంలో కుడిన ఉంటుంది, అద్దంలో చూసినట్టు. ముప్ఫై ఏళ్ళు అలాగే పేర్చిన చెయ్యి ఆ రోజూ అలాగే పేర్చింది. కంపోజింగ్ గదివాళ్ళు అలవాటు కొద్దీ దాన్ని మనసులో తిప్పి చదువుకున్నారు. బైండింగ్ గదివాళ్ళకు అచ్చయిన కాగితమే తప్ప అక్షరం మొహం తెలియదు. వాళ్ళు ఉన్నది ఉన్నట్టు చూసుకున్నారు. తన అక్షరం కుడి అంచున కనబడి ఎడంకాలి బైండర్ నోరు తెరిచాడు.

"ప్రశ్నలొద్దన్నానా," అన్నాడు కంపోజిటర్.

బైండర్ నోరు మూసుకున్నాడు. ఇదేదో పెద్ద ఎత్తు కాబోలనుకున్నాడు. కంపోజిటర్ చట్రం విప్పి, అక్షరాలన్నీ ఎక్కడివక్కడ అరల్లో వేసేశాడు. ఇక లోకంలో ఆ వ్యూహానికి ఏ ఆనవాలూ లేదు. అతనికి అంత తృప్తి చాలాకాలంగా కలగలేదు.

*

ఆదివారం పొద్దున బస్సు డిపో వెనకున్న మైదానానికి కుర్చీ బేకరీ వ్యానులో వచ్చింది, దాని వెంట స్టూలూ వచ్చింది. అదే వ్యానులో తిరిగి పోతుందని చిన్నల్లుడి ధీమా. గీతకు అవతల దాన్ని దింపి, ఎవరూ కూర్చోకూడదని అత్తగారు దాని మీద తన సంచి పెట్టింది. అక్కచెల్లెళ్ళిద్దరూ పక్కన గట్టు మీద కూర్చున్నారు.

విజిల్ మోగింది. ప్రెస్సు జట్టు తమ తమ చోట్లకు పరిగెత్తింది. అంతే, కంపోజిటర్ కళ్ళు బైర్లు కమ్మాయి. ఎడంకాలి బైండర్ కుడి అంచుకు పోతున్నాడు. వాడి వెనకే కటింగ్ మిషన్ మనిషి, బైండింగ్ గది మొత్తం. అక్కడ కంపోజింగ్ గదివాళ్ళు అప్పటికే నిలబడి ఉన్నారు. ఎనిమిదిమంది ఒకే పక్క, సినిమా టిక్కెట్ల వరసలా. వెనక ఒకడు, ముందు ఒకడు మధ్యలో బిక్కుబిక్కుమంటూ ఉన్నారు. ఎడమవైపు మైదానం మొత్తం ఖాళీ. గడ్డి తప్ప ఏమీ లేదు.

అరవబోయాడు. ఏమని అరవాలో తెలియలేదు. నోరెత్తొద్దని చెప్పింది తనే.

అవతలి గీత దగ్గర చిన్నల్లుడు కూడా నోరు తెరుచుకుని ఆ ఖాళీ వైపే చూస్తున్నాడు. కానీ అతని భయం వేరు. ముందురోజు సాయంత్రం అతని చెవిన ఒక మాట పడింది, అన్నయ్య ఈసారి ఏదో గొయ్యి తవ్వుతున్నాడని. ఇదిగో, గొయ్యి కళ్ళెదుటే ఉంది. ఇంత చోటు ఊరికే ఎవడు వదిలేస్తాడు? వాళ్ళ మనిషి ఒకడు బంతి తీసుకుని సంతోషంగా అటు తిరిగేసరికి చిన్నల్లుడు గొంతు చించుకున్నాడు.

"ఒరేయ్, అటు పోకు. అందుకే వదిలారు. ఇటే రండి, అందరూ ఇటే రండి."

బేకరీ జట్టు కూడా కుడివైపు గుంపులో దూరింది. ఆ తర్వాత జరిగినదాన్ని ఫుట్‌బాల్ అనడం కష్టం. మైదానంలో సగం ఆవులు మేపుకోవచ్చు, మిగతా సగంలో కాలు పెట్టే సందు లేదు. ఆ తొక్కిసలాటలో బంతి ఎలాగో ఎడంకాలి బైండర్‌కు దొరికింది. కుడి అంచున ఉన్నాడు గనక వాడి మంచికాలు గోల్ వైపే ఉంది. ఇలా లోపలికి తిరిగి, అలా కొట్టాడు. బంతి గోల్‌లో ఉంది.

గట్టు మీదున్న ప్రెస్సు జనం లేచి నిలబడ్డారు. కాగల కార్యం గంధర్వులే తీర్చారంటే ఇదే. కంపోజిటర్ ఒక్కక్షణం ఆలోచించి, ఇదంతా తను ముందే అనుకున్నదేనన్నట్టు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

సగం ఆటకు విజిల్ మోగాక ప్రూఫ్‌రీడర్ మెల్లగా పక్కకు వచ్చాడు.

"అచ్చు కొట్టి చూపిస్తే సరిపోయేది కదండీ. సగం మంది తిరగేసి చదివారు, సగం మంది సూటిగా చదివారు," అన్నాడు.

కంపోజిటర్‌కు సంగతి అప్పుడు తలకెక్కింది. ముప్ఫై ఏళ్ళ అనుభవం తనను ఇలా నట్టేట ముంచుతుందని అతను కలలో కూడా అనుకోలేదు. ఇప్పుడేం చెయ్యాలి? దిద్దితే జట్టు సరిగ్గా నిలబడుతుంది, కానీ తప్పు ఒప్పుకోవాలి. వీధిలో పిల్లి కూడా నవ్వుతుంది. పైగా ఒక గోల్ ముందున్నాం. కుర్చీ వైపు చూశాడు. అత్తగారి సంచి కింద దాని చెయ్యి ఒకటి కనిపిస్తోంది.

"అలాగే ఉండనీ. ఎవరితోనూ అనకు," అన్నాడు.

"తప్పు తెలిసీ వదిలెయ్యడమంటే నాకు నిద్ర పట్టదండీ."

"ఒక్క ఆదివారం మేలుకో."

రెండో సగంలో పాపం పండింది. బేకరీ జట్టులో ఒకడు తన్నిన బంతి దారి తప్పి ఆ ఖాళీలోకి దొర్లిపోయింది. తెచ్చుకోకపోతే రిఫరీ ఊరుకోడు. వాడు భయపడుతూ భయపడుతూ, నేల దిగబడుతుందేమోనని కాలితో తడుముకుంటూ వెళ్ళాడు. ఏమీ కాలేదు. ఇంకో నాలుగడుగులు వేశాడు. అప్పుడూ ఏమీ కాలేదు. వాడు నింపాదిగా నడుచుకుంటూ పోయి, పెద్ద అక్షరం తప్ప ఇంకేమీ లేని మెషిన్‌మన్ పక్కనుంచి బంతిని లోపలికి తోశాడు. ఒకటి-ఒకటి.

చిన్నల్లుడి మొహం మీద ఆ గుండ్రటి నవ్వు తిరిగొచ్చింది. గొయ్యీ లేదు, గాడిదగుడ్డూ లేదు. "అటే పోండిరా, అందరూ అటే," అన్నాడు. బేకరీ జట్టు మొత్తం కట్ట తెగినట్టు ఖాళీలోకి పడింది. మెషిన్‌మన్ రెండు బంతుల్ని పొట్టతో ఆపాడు. మూడోది గోల్ కర్రకు తగిలింది. కంపోజిటర్‌కు కుర్చీ వ్యానెక్కుతున్నట్టే కనిపించింది. పరువు, గుట్టు, పాముచెవులు అన్నీ మరిచిపోయి గీత మీదికి ఉరికాడు.

"తిరగేసి చదవండి," అని అరిచాడు. "అందరూ తిరగెయ్యండి."

అతని ఉద్దేశం బైండింగ్ గదివాళ్ళు తిరగెయ్యాలని. కానీ అందరూ అన్నాడు. జట్టులో ఉన్నవాళ్ళు చెప్పిన మాట వినే మనుషులు. బైండింగ్ గదివాళ్ళు తిరగేసుకుని కుడినుంచి ఎడమకు పరిగెత్తారు. కంపోజింగ్ గదివాళ్ళు, తాము ఇంతసేపూ తప్పు చదివామనుకుని, వాళ్ళూ తిరగేసుకుని కుడినుంచి ఎడమకు పరిగెత్తారు. గుంపుకు గుంపు గుడ్డెద్దు చేలో పడ్డట్టు అటు పోయి బేకరీ జట్టు మీద పడింది. ఎవరి కాలు ఎవరిదో తెలియలేదు. ఇప్పుడు కుడివైపు ఖాళీ.

పూర్తిగా ఖాళీ కాదు. ప్రూఫ్‌రీడర్ ఒక్కడే నడుం మీద చేతులు పెట్టుకుని తన చోటులోనే నిలబడి ఉన్నాడు. తను మొదటినుంచీ సరిగ్గానే చదివాడు. సరిగ్గా ఉన్నదాన్ని ఎవడో నోటిమాటగా మార్చమంటే ఆ మనిషి జీవితంలో మార్చలేదు. మార్జిన్‌లో గుర్తు పెట్టి, కింద సంతకం చేసి ఇస్తే అప్పుడు ఆలోచిస్తాడు.

గుంపులోంచి ఎడంకాలి బైండర్ బంతిని లాక్కుని, చివరికి తనకు హక్కుగా రావాల్సిన ఎడమ అంచు దొరికిన సంతోషంలో, కళ్ళు మూసుకుని మైదానం అటుకొసకు కొట్టాడు. బేకరీ వాళ్ళ వెనకమనిషి ఒకడు గోల్ దగ్గర కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు, కనక అవతలివాళ్ళను దాటి ముందే కాచుకున్నాడనే ఆఫ్‌సైడ్ బెడద కూడా తప్పింది. బేకరీ గోల్‌కీపరు ఇంకా అటు గుంపునే చూస్తుండగా, ప్రూఫ్‌రీడర్ బంతిని కాలితో ఆపి, అటూ ఇటూ చూసి, ఏ దోషమూ లేదని రూఢి చేసుకుని, లోపలికి తోశాడు. రెండు-ఒకటి. కాసేపటికి చివరి విజిల్ మోగింది.

*

నవ్విన నాపచేనే పండింది. జట్టు కంపోజిటర్‌ను భుజాల మీదికి ఎత్తబోయి, బరువు చూసి, చేతులు కలిపి ఊరుకుంది. చిన్నల్లుడు వచ్చి కావిలించుకున్నాడు. ఓడినా ఆ మనిషి నవ్వు తగ్గలేదు.

"అన్నయ్యా, ముందు ఇటు ఖాళీ, తర్వాత అటు ఖాళీ. ఇదేం వ్యూహం?"

"అక్షరాలు ఎవడైనా పేరుస్తాడు తమ్ముడూ. ఖాళీని పేర్చేవాడే కంపోజిటరు," అన్నాడతను గంభీరంగా. పక్కనున్న ప్రూఫ్‌రీడర్ దగ్గుతో ఉక్కిరిబిక్కిరయ్యాడు.

"ఇంతకీ నిజం చెప్పు," అన్నాడు కంపోజిటర్, గెలిచిన ధైర్యంతో. "ఈ ఆరేళ్ళూ నా వ్యూహం నీకు ఎలా తెలిసేది?"

చిన్నల్లుడు అర్థం కానట్టు చూశాడు. "తెలియడమేంటన్నయ్యా. ఆరేళ్ళూ నాలుగు-నాలుగు-రెండే కదా. దానికి ఎవరో వచ్చి చెప్పాలా? ఈసారే వదిన మా ఆవిడకు ఫోన్ చేసి, మీ బావగారు ఏదో దాస్తున్నారు, జాగ్రత్త అంది. వదిన ఎప్పుడూ అలాంటి మాట చెప్పదు. అందుకే భయపడి చచ్చాను."

కుర్చీని బేకరీ వ్యానులోనే తీసుకొచ్చి, ఓడిన అల్లుడే కంపోజిటర్ ఇంటి మెట్లెక్కించి కిటికీ పక్కన దింపాడు. చోటు కలిసొస్తుందని అత్తగారు స్టూలును కూడా వాళ్ళ నెత్తినే రుద్దింది.

అందరూ వెళ్ళాక కంపోజిటర్ వెంటనే కూర్చోలేదు. ఆరేళ్ళు ఎదురుచూసిన పని తొందరగా చేసెయ్యడం అతనికి ఇష్టం లేదు. స్నానం చేశాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. తల దువ్వుకున్నాడు. గదిలోకి వచ్చేసరికి కుర్చీలో భార్య కూర్చుని ఉంది.

వెనక్కి వాలి, ఒక చెయ్యి వెనక్కి పెట్టి, ఆ వంకర అల్లికను వేళ్ళతో తడుముతోంది.

"నాన్న ఇది అల్లుతున్నప్పుడు రెండో కొస నేనే పట్టుకున్నాను. మధ్యలో ఆడుకోవడానికి పారిపోయాను. అందుకే వంకరపోయింది. ఒక్కమాట అనలేదు నన్ను. వచ్చినవాళ్ళకు మాత్రం, ఇది మా పెద్దమ్మాయి అల్లిందని చెప్పేవాడు," అంది.

కంపోజిటర్ దువ్వెన చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆరేళ్ళు ఇద్దరల్లుళ్ళు ఆ కుర్చీ కోసం కొట్టుకున్నారు. ఆ ఇద్దరు కూతుళ్ళలో ఒక్కరినైనా, నువ్వు కూర్చుంటావా అని అడిగిన పాపాన పోలేదు. అతనికి సిగ్గేసింది. బాగా సిగ్గేసింది.

స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఆరేళ్ళ అలవాటు, వీపు దానంతటదే సర్దుకుంది.

"మీ చెల్లెలికి నిజంగానే చెప్పావా?"

"చెప్పాను. మీరు నన్ను దొంగ అనుకున్నారు కదా. నోటినిండా నురగ పెట్టుకుని మరీ. ఆ పేరు ఊరికే మొయ్యడమెందుకని ఒక్కసారి చెప్పాను."

"నువ్వు చెప్పబట్టే గెలిచాం."

"తెలుసు. కళ్ళజోడు లేకపోయినా కనిపించింది," అందావిడ. కాళ్ళు చాపి, పెట్టుకోవడానికి చోటు వెతికింది. స్టూలు మీద మొగుడున్నాడు. అతను కాస్త పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆవిడ పాదాలు రెండూ స్టూలు కొసన ఆనించి కళ్ళు మూసుకుంది.

కంపోజిటర్ వీధి వైపు ఒకసారి చూసి, కిటికీ తలుపు దగ్గరగా వేసి, ముందుకు వంగాడు.

"వచ్చే ఏడాదికి ఒక ఆలోచన ఉంది. ఈసారి నీకు నిజమే చెప్తాను. ఎవరికీ చెప్పకు."

"చెప్పండి."

"నాలుగు-నాలుగు-రెండు," అన్నాడతను గొంతు తగ్గించి. "ఇక నేను అదే ఆడతానని ఎవడూ అనుకోడు."